కొంగు చుట్టుకున్న వేలు

హనుమకొండ

బిడ్డా,

మనసులోని భావాలు ఒంటి మీద ఎలా కనబడతాయో రాసిన నీ వ్యాసం అందింది. ఏడో పేజీ దాకా నాకు కోపమే వచ్చింది. ‘పాశ్చాత్యులు ఆరు భావాల దగ్గర ఆగిపోతే మనవాళ్లు తొమ్మిది చెప్పారు’ అని రాశావు. ఇదేమన్నా ఎవరి బతుకమ్మ ఎత్తని చూసుకునే పోటీయా?

ఏడో పేజీలో మీ నాయనమ్మ వచ్చింది. చిన్నకొడుకు పోయిన కబురు పరకాల బస్టాండులో విని, ఏడవకుండా, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడింది. బస్సు వచ్చినా ఎక్కలేదు. అక్కడ ఆపి, లేచి మంచినీళ్లు తాగొచ్చాను. తీరా తర్వాతి వాక్యం చూస్తే ‘ఆమె తీవ్ర శోకానికి లోనైంది’! కొట్టెయ్యి. అలాంటివన్నీ కొట్టెయ్యి.

స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అని నాట్యశాస్త్రంలోని ఎనిమిది సాత్విక భావాలనూ పరీక్షకు బట్టీపట్టినట్టు అప్పజెప్పావు. వాటిలో ఒక్కటైనా శోకం, భయం అనే పేరుతో ఉందా? కొయ్యబారడం, చెమట, వణుకు, గొంతు మారడం, స్పృహ తప్పడం... అన్నీ ఒంటి మీద కనబడేవే. భయానికీ వణుకే, కోపానికీ వణుకే, సంతోషానికీ వణుకే. ఏ వణుకో ముందూ వెనకా చూసినవాడికే తెలుస్తుంది.

మనస్తత్వ పరిశోధకులు అహల్య హేజ్మాది, డేవిడ్‌సన్, రోజిన్ 2000లో ప్రచురించిన ప్రయోగాన్ని రెండు లైన్లలో తేల్చేశావు. అసలు సంగతి అక్కడుంది కదా! ఆ ఆరు భావాల లెక్క చెప్పిన అమెరికా మనస్తత్వవేత్త ఎక్‌మన్ చూపించినవి కదలని ఫొటోలు. వీళ్లు చూపించింది వీడియో. నాట్యం నేర్చిన హేజ్మాది తానే లజ్జతో సహా పది భావాలు ముఖంతో, చేతులతో, ఒంటితో అభినయిస్తే మనవాళ్లే కాదు, అమెరికా వాళ్లూ చాలావరకు గుర్తుపట్టారు. లజ్జ ఫొటోకు ఎక్కడ చిక్కుతుంది? తల వంగాలి, చూపు పక్కకు పోవాలి, మళ్లీ దొంగచాటుగా రావాలి.

చిన్నప్పుడు మా ఊళ్లో ఒగ్గు కథ చెప్పేవాళ్లు. కథ చెప్పేవాడు ఒక్కడే: మల్లన్న అతనే, మల్లన్న భార్య మేడలమ్మా అతనే. భుజం మీది తువ్వాల నెత్తి మీదికి జరిపి నడుము కాస్త ఒరిగిస్తే చాలు, మా ముందు ఆడమనిషి నిలబడేది. ఓ రాత్రి డోలు చటుక్కున ఆగితే మా అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. నా మొదటి కథ దాని మీదే. ఓ పెద్ద పత్రిక సంపాదకుడు ఆ మోచెయ్యి తీసేసి ‘భయభ్రాంతురాలైంది’ అని అచ్చేశాడు. నలభై ఏళ్లయింది. ఇప్పటికీ ఆ మాట కనబడితే ఒళ్లు మండుతుంది.

ఇప్పుడేమో బాడీ లాంగ్వేజ్ పుస్తకాల ఫ్యాషన్. చేతులు కట్టుకున్నవాడు ఏదో దాస్తున్నట్టట! చలికాలం పొద్దున చౌరస్తా టీ కొట్టు దగ్గర అందరూ చేతులు కట్టుకునే ఉంటారు. అందరూ దొంగలేనా?

జాయపసేనానికి ‘మన ఓరుగల్లు గర్వకారణం’ అని ఓ దండం పెట్టి వదిలేశావు. గణపతిదేవుని ఏనుగుల దళపతి ఆయన. అయినా తాను రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళి ఎనిమిది అధ్యాయాల్లో చివరి నాలుగూ దేశి నాట్యానికే ఇచ్చాడు. సేనాని జనం ఆటకు సగం పుస్తకం ఇస్తే, నువ్వు బస్టాండుకు ఒక పేరానే ఇచ్చావు.

నాయనమ్మతో మొదలుపెట్టి మళ్లీ రాయి. ఏ పత్రికకు పంపాలో తర్వాత చూద్దాం. అన్నట్టు, బస్సు వెళ్లిపోయాక ఆమె కొంగు విప్పిందా, లేదా? అది రాయలేదు నువ్వు.