ఆడా మగా సగం సగమే ఎందుకు? నా ప్రోగ్రాం చెప్పిన జవాబు

ఒక మగ జీవి ఎన్నో ఆడవాటితో జతకట్టగలదు కదా, మరి మగపిల్లలు తక్కువగా పుట్టేలా పరిణామం ఎందుకు జరగలేదు, కంప్యూటర్‌లో పరీక్షించవచ్చా అని అడిగారు. పరీక్షించవచ్చు. కొన్నేళ్ల కిందట ఇదే సందేహంతో నేను పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను.

వెయ్యి జీవులు. ప్రతిదానికీ జన్యువుగా 0కీ 1కీ మధ్య ఒక సంఖ్య. తల్లికి మగబిడ్డ పుట్టే అవకాశం ఆ సంఖ్యే. బిడ్డకు తల్లిదో తండ్రిదో వస్తుంది, అప్పుడప్పుడు కొద్దిగా మారుతుంది. మొదట అన్నింటికీ 0.2 ఇచ్చాను.

ఫలితాలు చూసి తల పట్టుకున్నాను. నడిపిన ప్రతిసారీ ఒక్కో జవాబు! తీరా చూస్తే, తండ్రిని ఎంచే చోట జాబితాలో ముందున్న మగవాటినే మళ్లీ మళ్లీ తీసుకుంటున్నాను. పేరుకు వెయ్యి జీవులు, నిజానికి తండ్రులు నాలుగైదే. అలాంటి చోట ప్రకృతి వరణం కన్నా అదృష్టానిదే పైచేయి. ప్రతి బిడ్డకూ చీటీ తీసినట్లు తండ్రిని ఎంచేలా ఒక్క వరుస మార్చాను. ఆ తర్వాత ఎన్నిసార్లు నడిపినా సంఖ్య 0.5 వైపే పాకింది.

కారణం 1930లో బ్రిటిష్ జన్యు శాస్త్రవేత్త ఫిషర్ చెప్పినదే. ప్రతి బిడ్డకూ తండ్రి ఒక్కడే. 100లో 20 మగవైతే, పిల్లలందరి తండ్రులూ ఆ ఇరవైలోనే ఉండాలి. సగటున మగదానికి ఆడదాని కన్నా నాలుగు రెట్ల సంతానం. కొడుకులను కన్న తల్లికే మనవలు ఎక్కువ. మగవి పెరిగేకొద్దీ ఆ లాభం కరిగిపోతుంది. ‘జాతికి మేలు’ అనే లెక్కను మాత్రం ప్రోగ్రాంలో పెట్టకండి. పెడితే మీరు దాచిన జవాబే మీకు దొరుకుతుంది.

నాకు బాగా నచ్చింది తర్వాతి ప్రయోగం. మేడిపండు పొట్టలో చిన్న కందిరీగలు ఉంటాయి. పరాగసంపర్కం చేసే వాటిలో మగవాటికి సాధారణంగా రెక్కలుండవు. పండులోనే జతకడతాయి, ఆడవి ఎగిరిపోతాయి. అన్నదమ్ములే పోటీపడేటప్పుడు ఎక్కువ మంది కొడుకులతో తల్లికి ఒరిగేదేముంది? 1967లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త హామిల్టన్ దీనికి లెక్క కట్టాడు: ఒకేచోట ఇద్దరు తల్లులు గుడ్లు పెడితే మగవాటి వాటా 0.25, పదిమందైతే 0.45. (కందిరీగల్లో మగవి ఫలదీకరణం చెందని గుడ్ల నుంచి పుడతాయి కాబట్టి అక్కడ అంకెలు కొంత మారతాయి.) జీవులను గుంపులుగా విడగొట్టి, గుంపులోపలే జతకట్టనిస్తే నాకూ ఇంచుమించు అవే వచ్చాయి.

ఒక్క తల్లినే పెడితే ఆ లెక్క ప్రకారం సున్నా రావాలి. మగది ఒక్కటీ లేని గుంపు ఎదురై, తండ్రిని ఎంచే వరుస దగ్గరే నా ప్రోగ్రాం ఆగిపోయింది. గుంపులో మగది లేకపోతే ఏం చేయాలో ముందే రాసుకోండి.