రాత్రి నడకకు ఫోన్‌ను ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోండి

బరంపురం నుంచి ధర్మాబాద్ దాకా, ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఐదు ఒకే విషయం మీద ఉన్నాయి. పరాయి దేశంలో చీకటి పడ్డాక రోడ్డు మీద నడిచేటప్పుడు ఫోన్ ఎంతవరకు తోడుంటుంది? అందుకే ఈసారి మిగతా సందేహాలు పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాను.

మా అమ్మాయి పై చదువుకి మాంచెస్టర్ వెళ్తోంది. ఒక వెబ్‌సైట్‌లో 'రాత్రి ఒంటరిగా నడవడం' అంటూ ఊరికో మార్కు వేశారు. అది చూసినప్పటి నుంచి వాళ్లమ్మకు నిద్ర లేదు. ఆ మార్కును ఎంతవరకు నమ్మాలి? – బరంపురం

మీరు చూసింది నంబియో లాంటి సైట్ అయి ఉంటుంది. అక్కడ మార్కు వేసేది పోలీసులు కాదు, ఆ సైట్‌కి వచ్చిన మామూలు జనం. 'మీకు ఎంత భద్రంగా అనిపిస్తుంది' అనే ప్రశ్నకు వాళ్లిచ్చిన జవాబుల్ని 100కి లెక్కగట్టి చూపిస్తారు. అంటే అది జనం మనసులో ఉన్న భయానికి కొలత. నేరాల లెక్క వేరే ఉంటుంది. గాలప్ సంస్థ కూడా ఏటా చాలా దేశాల్లో ఇలాంటి ప్రశ్నే అడుగుతుంది, కానీ 'మీరు ఉండే చోట' రాత్రి నడవడం గురించి అక్కడివాళ్లనే అడుగుతుంది. పుట్టి పెరిగిన వీధిలో ఉండే ధైర్యం నిన్న విమానం దిగిన పిల్లకు ఉండదు కదా. ఎకనమిస్ట్ పత్రిక వాళ్ల 2021 భద్ర నగరాల జాబితాలో కోపెన్‌హేగెన్ మొదటి స్థానంలో నిలిచింది. ఆ లెక్కలో సైబర్ భద్రత, ఆసుపత్రులు, పర్యావరణం కూడా కలిసి ఉన్నాయి. ఊరికి వచ్చిన ర్యాంకు మీ అమ్మాయి హాస్టల్ సందు గురించి ఏమీ చెప్పదు.

బ్రిటన్‌కు వెళ్తున్నారు కాబట్టి ఇంతకంటే మంచి దారి ఒకటుంది. పోలీస్.యూకే సైట్ తెరిచి హాస్టల్ పోస్ట్‌కోడ్ కొట్టండి. ఆ చుట్టుపక్కల నమోదైన నేరాలు నెలవారీగా మ్యాప్ మీద కనిపిస్తాయి. అయితే మాంచెస్టర్ పోలీసుల వివరాలు 2019 జూలై తర్వాత కొన్నేళ్లు ఆ సైట్‌కి అందలేదు, కాబట్టి ఏ నెలలవి ఉన్నాయో ముందు చూసుకోండి. ఖాళీ మ్యాప్ అంటే నేరాలు లేవని కాదు. ఒక్క నెల చూసి ఆగకుండా 12 నెలలూ తిప్పి చూడండి. మొత్తం సంఖ్య పక్కన పెట్టి, మనిషి దగ్గర నుంచి దొంగతనం, దోపిడీ, హింస అనే విభాగాలు మాత్రం విడిగా చూడండి. షాపుల్లో దొంగతనాలు కలిస్తే మార్కెట్ వీధి ఏదైనా భయంకరంగానే కనిపిస్తుంది. రెండు జాగ్రత్తలు. చుక్క ఉన్నచోటే నేరం జరిగిందనుకోకండి. బాధితుల వివరం బయటపడకుండా దాన్ని దగ్గర్లోని మరో బిందువుకు జరిపి చూపిస్తారు. పైగా అందులో నెల మాత్రమే ఉంటుంది, పగలో రాత్రో తెలియదు.

రాత్రి సంగతి తెలియాలంటే గూగుల్ స్ట్రీట్ వ్యూలో బస్ స్టాప్ నుంచి హాస్టల్ గుమ్మం దాకా వేలితో నడిచి చూడండి. ఫొటోలు పగటివే అయినా దీపం స్తంభాలు కనిపిస్తాయి. స్తంభం ఉండీ దాని తలమీద చెట్టు కొమ్మ కమ్మేస్తే ఆ దీపం ఉన్నా లేనట్టే. రెండువైపులా కిటికీలు లేని గోడలున్న పొడుగాటి సందు, రైలు కట్ట కింద సొరంగం లాంటి దారి, పార్కు అడ్డదారి కనిపిస్తే రాసి పెట్టుకోండి. అక్కడ చాలా పార్కులకు చీకటి పడగానే గేట్లు వేస్తారు, కానీ మ్యాప్ దగ్గరి దారి అంటూ పార్కులోంచే పంపుతుంది. అలాంటప్పుడు మ్యాప్‌లో 'యాడ్ స్టాప్' నొక్కి, రాత్రి 11 దాకా తెరిచి ఉండే దుకాణం ఏదైనా మధ్యలో చేర్చండి. దారి పెద్ద రోడ్డు మీదకు మారుతుంది.

మా తమ్ముడు లండన్ వెళ్తున్నాడు. అక్కడ ఎలక్ట్రిక్ సైకిళ్ల మీద వచ్చి చేతిలో ఫోన్ లాక్కుపోతారట. ఫోన్ పోతే పోయింది, బ్యాంకులో డబ్బు మాటేమిటి? – రాయగడ

సరైన చోట భయపడ్డారు. అక్కడ దొంగకు అన్నిటికంటే విలువైనది తెరిచి ఉన్న ఫోన్. మ్యాప్ చూస్తూ నడుస్తున్న మనిషి చేతిలో ఉండేది అదే. అందుకే రోడ్డు అంచున నిలబడి ఫోన్ తీయకూడదు. దారి చూసుకోవాలంటే గోడకు వీపు ఆనించి గానీ దుకాణంలోకి వెళ్లి గానీ చూసుకోవాలి.

ముందు ఫోన్ వెనక కవర్ తీసి చూడండి. మనలో చాలామంది అందులో ఒక డెబిట్ కార్డు, మడిచిన 500 నోటు పెడతారు. ఆ కార్డును ఈరోజే తీసేయించండి. డెబిట్ కార్డుతో యూపీఐ పిన్ కొత్తగా పెట్టుకోవడానికి ముఖ్యంగా కావాల్సినవి రెండు: డెబిట్ కార్డు మీది అంకెలు, సిమ్‌కు వచ్చే ఓటీపీ. కార్డు, సిమ్ ఒకే కవర్లో ఉంటే తాళం, తాళంచెవి కలిపి దొంగకు ఇచ్చినట్టే.

తర్వాత సిమ్ లాక్. ఫోన్‌కు ఎంత గట్టి లాక్ ఉన్నా, దొంగ సిమ్ పీకి వేరే ఫోన్‌లో వేస్తే ఓటీపీలన్నీ వాడికే వెళ్తాయి. దాన్ని ఆపేది సిమ్ పిన్ ఒక్కటే. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, సెక్యూరిటీ, సిమ్ లాక్. ఐఫోన్‌లో సెట్టింగ్స్, మొబైల్ సర్వీస్, సిమ్ పిన్. మొదటిసారి కంపెనీ పెట్టిన పాత పిన్ అడుగుతుంది. దాన్ని ఊహించి కొట్టకండి, కంపెనీ స్టోర్‌లో అడిగి తెలుసుకోండి. మూడుసార్లు తప్పితే సిమ్ మూతపడి, దాన్ని మళ్లీ తెరిచే పీయూకే కోడ్ అడుగుతుంది. ఆ కోడ్ కూడా 10 సార్లు తప్పితే సిమ్ శాశ్వతంగా చచ్చిపోతుంది. లండన్ వెళ్లాక అలా జరిగితే బాగుచేసేవాళ్లు దొరకరు కాబట్టి ఈ పని రాయగడలో ఉండగానే కానివ్వండి. ఫోన్ లోపలే ఉండే ఈ-సిమ్ అయితే పీకడానికే వీల్లేదు, అది ఇంకా మేలు.

మీ వైపు చాలామంది దగ్గర పార్వతీపురంలో కొన్న ఆంధ్ర సర్కిల్ సిమ్ ఉంటుంది. డూప్లికేట్ సిమ్ ఒడిశా స్టోర్‌లో ఇస్తారా, అటు వెళ్లాలా అన్నది ముందే అడిగి పెట్టుకోండి. ఆ నంబరు నాన్నగారి పేరు మీద ఉంటే ఒక లాభముంది. ఇంటి దగ్గర ఆయనే వెళ్లి డూప్లికేట్ తీసుకోవచ్చు, అప్పుడు దొంగ చేతిలోని సిమ్ ఆగిపోతుంది. కొత్త సిమ్‌కు మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. అది మన టెలికాం శాఖ పెట్టిన నియమం. కంగారు పడొద్దు.

ఇక ఫోన్ లోపల. ఆండ్రాయిడ్ 10, ఆ పై వెర్షన్లయితే సెట్టింగ్స్ వెతుకుడు గడిలో ఇంగ్లిష్ అక్షరాలతో 'థెఫ్ట్' అని కొట్టండి. థెఫ్ట్ ప్రొటెక్షన్ పేజీలో మూడు బొత్తాలు ఉంటాయి. మొదటిది థెఫ్ట్ డిటెక్షన్ లాక్. ఎవరో గుంజుకుని పరుగెత్తినా, బండి మీద ఉడాయించినా ఆ కుదుపును సెన్సర్ పసిగట్టి తెర మూసేస్తుంది. రెండోది ఆఫ్‌లైన్ డివైస్ లాక్. దొంగ ఇంటర్నెట్ ఆపేసినా కాసేపటికి తాళం పడుతుంది. మూడోది రిమోట్ లాక్. వేరే ఎవరి ఫోన్ నుంచైనా ఆండ్రాయిడ్.కామ్ స్లాష్ లాక్ తెరిచి, మీ నంబరు కొట్టి తాళం వేయొచ్చు. కుదుపును పసిగట్టడం ప్రతిసారీ పనిచేస్తుందన్న హామీ లేదు కాబట్టి మూడూ ఆన్ చేయండి. తెర 30 సెకన్లకే ఆరిపోయేలా పెట్టండి.

ఐఫోన్‌లో ఐఓఎస్ 17.3 నుంచి స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ ఉంది. సెట్టింగ్స్, ఫేస్ ఐడీ అండ్ పాస్‌కోడ్‌లో దాన్ని ఆన్ చేసి, 'ఆల్వేస్' ఎంచుకోండి. దొంగకు పాస్‌కోడ్ తెలిసిపోయినా యాపిల్ పాస్‌వర్డ్ మార్చాలంటే ముఖం చూపించాలి, గంట ఆగాలి, మళ్లీ ముఖం చూపించాలి. అదే పేజీలో, లాక్ పడి ఉన్నప్పుడు కంట్రోల్ సెంటర్ తెరుచుకోకుండా ఆపండి. లేకపోతే లాక్ తీయకుండానే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టేస్తాడు, ఫోన్ జాడ తెలియదు.

పోయాక చేయాల్సిన పనులకు వరుస ముఖ్యం. ముందు ఫోన్‌కు తాళం, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత పోలీసులు. ఐక్లౌడ్.కామ్ స్లాష్ ఫైండ్ పేజీ రెండో కోడ్ అడగదు, పాస్‌వర్డ్ గుర్తుంటే చాలు. గూగుల్ మాత్రం పోయిన ఫోన్‌కే కోడ్ పంపి అడ్డం పడొచ్చు. అందుకే గూగుల్ ఖాతాలో టూ-స్టెప్ వెరిఫికేషన్ కింద 10 బ్యాకప్ కోడ్‌లు తీసి, కాగితం మీద అచ్చు వేసి, పాస్‌పోర్ట్ జిరాక్స్‌తో కలిపి ఉంచాలి. బ్యాంకు నంబరు +91తో మొదలయ్యే పూర్తి నంబరై ఉండాలి. టోల్‌ఫ్రీ నంబర్లు, మన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 అక్కడి నుంచి కలుస్తాయని నమ్ముకోకండి. టెలికాం శాఖ వారి సంచార్ సాథీ సైట్‌లో ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య) బ్లాక్ చేస్తే ఆగేది మన దేశపు నెట్‌వర్క్‌లలోనే. కొన్నాళ్లకు 'మీ ఫోన్ దొరికింది, ఇక్కడ లాగిన్ అవ్వండి' అంటూ ఒక మెసేజ్ వస్తే ముట్టుకోవద్దు. ఆ పాస్‌వర్డ్ కోసమే వాళ్లు ఎదురుచూస్తుంటారు.

గూగుల్ మ్యాప్స్‌లో ఊరంతా డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా నడక దారి చూపిస్తుందా? – సిరొంచ

చూపించదు. డౌన్‌లోడ్ చేసిన గూగుల్ మ్యాప్ నెట్ లేనప్పుడు కారు దారి మాత్రమే చెబుతుంది. దాన్ని నమ్మి నడిస్తే ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద తేలొచ్చు. నడకకు ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఓఎస్‌ఎమ్‌యాండ్ గానీ వేసుకోండి. రెండూ జనమే కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడుస్తాయి, నెట్ లేకున్నా కాలిదారి చెబుతాయి. ఓఎస్‌ఎమ్‌యాండ్‌లో వీధిదీపాలున్న రోడ్లను రంగుతో చూపించే ఏర్పాటు కూడా ఉంది. అయితే ఆ వివరం ఎక్కించేది స్వచ్ఛంద కార్యకర్తలు. రంగు లేనంత మాత్రాన దీపం లేదని కాదు, ఎవరూ రాయలేదని అర్థం.

దారిని మాటల్లో వింటూ నడవాలంటే ఇయర్‌బడ్ ఒకే చెవికి పెట్టుకోండి. బయటి శబ్దాన్ని ఆపే నాయిస్ క్యాన్సిలేషన్ కట్టేయండి. వెనక అడుగుల చప్పుడు వినపడాలి.

చలి దేశమైతే ఫోన్‌ను లోపలి జేబులో ఉంచండి. చలికి లిథియం బ్యాటరీ లోపల నిరోధం పెరిగి, 20 శాతం చూపిస్తూనే ఆరిపోతుంది. పవర్ బ్యాంక్‌ను విమానంలో చేతి సంచిలోనే పెట్టాలి, 100 వాట్-అవర్ల లోపు ఉండాలి. 20,000 ఎంఏహెచ్‌ను 3.7 వోల్టులతో గుణించి 1,000తో భాగిస్తే 74 వస్తుంది, కాబట్టి సరిపోతుంది.

నేను ఎలక్ట్రీషియన్ పనికి దుబాయ్ వెళ్తున్నాను. ఫోన్‌లో 112 ఇండియా యాప్ ఉంది. అక్కడా పనిచేస్తుందా? – గుణుపురం

ఆ యాప్ మన దేశం వరకే. దుబాయ్‌లో పోలీసులకు 999, అంబులెన్స్‌కు 998. ఈ రెండూ కాగితం మీద కూడా రాసి పర్సులో పెట్టుకోండి.

ఆండ్రాయిడ్‌లో పవర్ బొత్తాం ఐదుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ మొదలవుతుంది. సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ తెరిచి అది ఏ నంబరుకు కాల్ చేస్తుందో చూసుకోండి. ఇక్కడ ఉండగా 112 అనో అన్నయ్య నంబరో పెట్టి ఉంటే అక్కడా దానికే పోతుంది. విమానం దిగాక మార్చుకోండి. పరీక్షించేటప్పుడు తెర మీద వెనక్కి నడిచే సెకన్ల లెక్క సున్నాకు చేరేలోపు రద్దు చేయాలి. 2023లో బ్రిటన్ పోలీసులకు జేబుల్లో నొక్కుకుపోయిన ఫోన్ల నుంచి లెక్కలేనన్ని మూగ కాల్స్ వచ్చి పడ్డాయి. రక్తం గ్రూపు, అలర్జీలు, ఇంటివాళ్ల నంబర్లు ఇంగ్లిష్‌లో నింపండి, +91 మరవొద్దు.

బ్రిటన్ వెళ్లేవాళ్లకు ఇంకొకటి. మొబైల్ నుంచి 999కి చేసి మాట్లాడలేని స్థితిలో ఉంటే, అటువైపు నుంచి చెప్పినప్పుడు 55 నొక్కాలి. కాల్ పోలీసులకు వెళ్తుంది. నోరు మెదపకుండా ఊరుకుంటే కాల్ తెగిపోవచ్చు. పైగా 55 నొక్కితే మీరున్న చోటు దానంతటదే తెలిసిపోదు, వాళ్లు అడిగే ప్రశ్నలకు దగ్గో, తట్టడమో ఏదో ఒక జవాబు ఇస్తూ ఉండాలి. ఆస్ట్రేలియాలో నంబరు 000. అక్కడ 2024 అక్టోబరు చివర్లో 3జీ ఆపేశారు, 4జీ మీద 000కి కాల్ చేయలేని ఫోన్లను నెట్‌వర్క్‌లే అడ్డుకుంటున్నాయి. పాత సెకండ్‌హ్యాండ్ ఫోన్ పట్టుకెళ్లకండి.

మా పాప డబ్లిన్‌లో రాత్రి షిఫ్ట్ చేసి నడిచి వస్తుంది. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెడుతుంది గానీ మధ్యలో చుక్క ఆగిపోతుంది. ప్రాణం పోయినంత పనవుతోంది. – ధర్మాబాద్

చుక్క ఆగిందంటే ఆపద వచ్చిందని కాదమ్మా. ఎక్కువసార్లు కారణం ఫోన్ బ్యాటరీ పొదుపు. పాప ఫోన్‌లో వాట్సాప్‌కు లొకేషన్ అనుమతి 'ఎప్పుడూ' అని ఉండాలి. యాప్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ 'అన్‌రిస్ట్రిక్టెడ్' అని ఉండాలి. వాట్సాప్‌లో 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు అని మూడే గడువులు. ఆఫీసుకు వెళ్లేటప్పుడే 8 గంటలు పెడితే ఇంటికి తిరిగొచ్చే వేళకి అది అయిపోతుంది. ఆఫీసు నుంచి బయలుదేరేటప్పుడు గంట పెట్టమనండి. గూగుల్ మ్యాప్స్ షేరింగ్‌లో అయితే ఆపేదాకా నడుస్తుంది, ఆమె ఫోన్ ఛార్జింగ్ ఎంతుందో, ఆమె ఉన్న చోటు చివరిసారి ఎప్పుడు అందిందో కూడా మీకు కనిపిస్తుంది. మీకు ఇదే నయం.

ఇద్దరివీ ఐఫోన్లయితే మెసేజెస్‌లో చెక్ ఇన్ వాడండి. ఇంటికి చేరగానే అదే కబురు చెబుతుంది, ఆలస్యమై ఆమె పలకకపోతేనే మీకు హెచ్చరిక వస్తుంది. మీరు మేలుకుని తెర చూస్తూ కూర్చోనక్కర్లేదు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ పర్సనల్ సేఫ్టీ యాప్‌లోని సేఫ్టీ చెక్ ఇలాంటిదే. గడువు దాటాక 60 సెకన్లలో పలకకపోతే లొకేషన్ పంపడం మొదలుపెడుతుంది.

మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా డబ్లిన్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక, మిగతా నెలల్లో ఐదున్నర గంటలు. గడియారం మారిన వారం 'గంట ఆలస్యమైంది' అని హడలిపోకండి.

నిజంగానే పలకకపోతే ధర్మాబాద్ నుంచి 999 కొట్టినా అక్కడి పోలీసులకు కలవదు. ఆమె ఉండే ప్రాంతపు గార్డా (అక్కడి పోలీస్) స్టేషన్ నంబరు +353తో సహా, ఆమెతో ఉండే అమ్మాయి నంబరు, ఆఫీసు సెక్యూరిటీ నంబరు, ఇంటి చిరునామా ఎయిర్‌కోడ్‌తో (అక్కడి పిన్‌కోడ్) సహా ఒక కాగితం మీద రాయించుకుని మీ ఫోన్ పక్కనే గోడకు అంటించుకోండి.