రిపోర్టులు నార్మల్, కడుపునొప్పి మాత్రం నిజం

ప్రశ్న: మాది గుణుపూర్. పాపకు పదమూడేళ్లు, ఒడియా మీడియంలో ఎనిమిదో తరగతి. పది నెలల కిందట జ్వరం, విరేచనాలు వచ్చి తగ్గాయి గానీ కడుపునొప్పి ఉండిపోయింది. వారంలో మూడు నాలుగు రోజులు బడికి వెళ్లదు. బరంపురంలోనూ విశాఖలోనూ చూపించాం, స్కానింగు, ఎండోస్కోపీ అన్నీ నార్మల్. ఆఖరికి సైకాలజిస్టును కలవమన్నారు. రథయాత్రకు తిరిగినప్పుడు రాని నొప్పి బడికే వస్తుందా, అంతా నాటకం అంటారు మా వారు. అత్తగారు రోజూ దిష్టి తీస్తారు. రోజూ నొప్పి పదికి ఎంతుందో అడిగి నోటుబుక్కులో రాస్తున్నాను. పాప మీద పిచ్చిదని ముద్ర పడుతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, ముందుగా మీ వారి మాటే తీసుకుందాం, ఎందుకంటే ఆయన చూసింది నిజమే, దానికి చెప్పుకున్న అర్థమే తప్పు. మనసు వేరే దాని మీద ఉంటే నొప్పి తగ్గడం పెద్దవాళ్లలోనూ ఉన్నదే, పంటినొప్పితో మూలుగుతున్న మనిషి ఇంటికి చుట్టాలొస్తే గంటసేపు కబుర్లు చెప్పడం లేదా? అలాగని పన్ను బాగున్నట్టా? ఆ రథయాత్ర రోజు మీ పాప ఒంట్లో జరిగినదాన్నే ఇప్పుడు ఆమె కావాలనుకున్నప్పుడు చేసుకోగలిగేలా నేర్పిస్తారు. సైకాలజిస్టు దగ్గరికి పంపింది అందుకే, పిచ్చి అని కాదు.

కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గాక కొందరు పిల్లల్లో పేగుల్లోని నరాలు మామూలు కదలికలకు కూడా నొప్పి అని కబురు పంపుతూనే ఉంటాయి. రైలు ఎప్పుడో వెళ్లిపోయింది, గేటు మాత్రం ఎత్తలేదు. స్కానింగులో కనిపించేది రైలే, గేటు కనిపించదు. మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. పిల్లల్లో ఇలాంటి నొప్పి గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మందుల సరసనే వ్యాయామం, ప్రవర్తన చికిత్సలు కూడా ఉన్నాయి.

ఒక్క మాట, మన కోరాపుట్, రాయగడ వైపు సికిల్ సెల్ అనే, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తజబ్బున్న పిల్లలు ఉన్నారు, దానివల్ల కూడా కడుపులో, ఎముకల్లో నొప్పులు వస్తాయి. ఆ రక్తపరీక్ష చేయించారో లేదో మీరు రాయలేదు. చేయించకపోతే ముందు అది చేయించండి. బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం పడినా, నిద్రలోంచి లేపేంత నొప్పి వచ్చినా, జ్వరం గానీ వాంతులు గానీ తగ్గకపోయినా ఈ సలహాలన్నీ పక్కనపెట్టి డాక్టరు దగ్గరికే వెళ్లండి.

ఇక ఇంట్లో. "నొప్పి ఎలా ఉందమ్మా" అని అడగడం మానేయండి. కష్టంగానే ఉంటుంది, తెలుసు, మీకు కఠినంగా ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ అడిగిన ప్రతిసారీ ఆ పిల్ల మనసు తిరిగి కడుపు మీదికే వెళుతుంది. తనంతట తాను చెబితే వినండి, "అవునమ్మా, నొప్పిగా ఉంది కదా, ఊపిరి వ్యాయామం చేద్దామా" అనండి, అంతే. ఆ వ్యాయామం ఏమిటంటే, పడుకుని కడుపు మీద చెయ్యి పెట్టుకుని, చెయ్యి పైకి లేచేలా నెమ్మదిగా పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలడం. నొప్పి లేనప్పుడు రోజుకు రెండుసార్లు, పది నిమిషాల చొప్పున అలవాటు చేయించండి, నొప్పి వచ్చాక మొదలుపెడితే ఎవరికీ రాదు.

బడి మానిన రోజు ఇంట్లో ఏం జరుగుతుందో గమనించండి. టీవీ, మొబైల్, మామ్మ చేత్తో గోరుముద్దలు అయితే మనకైనా బడికి వెళ్లబుద్ధి కాదు. మానితే మానింది, పడుకోవాలి, బడి వదిలే వేళదాకా ఫోన్ లేదు. ఇది శిక్షలా చెప్పొద్దు, మామూలుగా చెప్పండి. అత్తగారిని దిష్టి తీయనివ్వండి, దానివల్ల నష్టం లేదు, కానీ తీసేటప్పుడు పిల్ల ముందు "నా తల్లికి ఎంత కష్టమొచ్చిందో" అని ఏడవొద్దని మాత్రం చెప్పండి.

బడికి ఒక్కసారిగా రోజంతా పంపకండి. హెడ్ మాస్టారుతో మాట్లాడి మొదటి వారం మొదటి రెండు పీరియడ్లు, తర్వాత మధ్యాహ్న భోజనం దాకా, అలా పెంచుకుంటూ పోండి. నొప్పి వస్తే స్టాఫ్ రూములో పది నిమిషాలు కూర్చుని మళ్లీ క్లాసుకే వెళ్లాలి, మీకు ఫోన్ రాకూడదు. బాగున్న రోజు గంతులేసి మర్నాడు మంచం ఎక్కే పిల్లలు చాలామంది, అందుకే బాగున్నా బాగోకపోయినా రోజూ అనుకున్నంతే చేయించండి. మొదటి రెండు వారాలు ఏడుపులు పెరగొచ్చు, అక్కడే చాలామంది తల్లులు వదిలేస్తారు. నొప్పి ముందు తగ్గదు, ముందు బడి, ఆట, నిద్ర దారిలో పడతాయి, నొప్పి తగ్గడం ఆ తర్వాత.

సైకాలజిస్టు దగ్గరికి మీ వారినీ తీసుకెళ్లండి, ఈ చికిత్సలో సగం పని తల్లిదండ్రులదే. అపాయింట్‌మెంట్ దొరికేదాకా ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడేవారిని అడగండి.

ఆ నోటుబుక్కు పారేయకండి. పదికి ఎంత అని రాయడం మాత్రం ఈ రోజుతో ఆపి, ఈ పూట పాప ఏం చేసిందో రాయండి, ఎన్ని పీరియడ్లు కూర్చుంది, ఎవరితో ఆడింది, ఎన్నింటికి పడుకుంది. మూడు వారాల తర్వాత అందులో ఏం రాసుకున్నారో నాకు మళ్లీ రాయండి.