సంపాదించని బ్యాడ్జిని టాటూ వేయించుకుంటానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. డిగ్రీ చదువుతూ అగ్నివీర్ ర్యాలీ కోసం రోజూ తెల్లవారుజామున పరుగు ప్రాక్టీసు చేస్తున్నాడు. ఇప్పుడు కుడి భుజం మీద ఆర్మీ పారా కమాండోలు పెట్టుకునే ‘బలిదాన్’ బ్యాడ్జి టాటూ వేయించుకుంటానని పట్టుబట్టాడు. మిలిటరీ ప్యాంట్లు, బండి మీద ‘ఆర్మీ’ స్టిక్కరు ఇప్పటికే ఉన్నాయి. మా తమ్ముడు ఆర్టిలరీలో హవల్దారుగా రిటైరయ్యాడు. ఈ మాట వినగానే ‘ఇన్నేళ్లు చేసిన నాకే లేనిది నీకెక్కడిదిరా’ అని మండిపడ్డాడు. అప్పటి నుంచి వాడు మేనమామతో మాట్లాడటం మానేశాడు. మావారేమో ‘బొమ్మే కదా, దేశభక్తి ఉంటే తప్పా’ అంటున్నారు. ఇది నేరమా? మామా అల్లుళ్లను కలిపేదెలా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, తప్పొప్పుల సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ వాడు టాటూ షాపుకు వెళ్లకుండా ఆపండి. ఆ బొమ్మ భుజం మీద పడితే వాడు కలలు కంటున్న ఉద్యోగమే చేజారిపోవచ్చు.

ఆర్మీ నియామక నోటిఫికేషన్లలో శాశ్వత పచ్చబొట్ల గురించి ఒక పేరా ఉంటుంది. పరుగు టైమింగు, ఎత్తు, ఛాతీ కొలతలు కంఠతా పట్టే కుర్రాళ్లు కూడా దాన్ని చదవకుండా దాటేస్తుంటారు. ముంజేతి లోపలి వైపు, అంటే మోచేయి మడత నుంచి మణికట్టు దాకా ఉండొచ్చు. అరచేతి వెనక వైపు ఉండొచ్చు. ఒంటి మీద ఇంకెక్కడ ఉన్నా ఒప్పుకోరు. ఆచారం ప్రకారం పొడిపించుకునే గిరిజనులకు మాత్రమే సడలింపు. నేవీ, ఎయిర్‌ఫోర్స్ నిబంధనలు కూడా ఇంచుమించు ఇవే. భుజం ఈ జాబితాలో లేదు. చొక్కా చేతులు దాచేస్తాయిలే అనుకోవడానికి వీల్లేదు, మెడికల్‌లో చొక్కా విప్పించే చూస్తారు. సరే, ముంజేతి లోపల వేయించుకుంటానంటాడేమో. చోటు సరైనదైనా బొమ్మ ఆమోదయోగ్యమో కాదో తేల్చేది సెలక్షన్ బోర్డే. కొలువులో చేరకముందే కమాండో బ్యాడ్జి వేసుకొచ్చిన కుర్రాణ్ని ఆ బల్ల అవతల కూర్చున్న సైనికాధికారులు ఎలా చూస్తారో మీ తమ్ముణ్ని అడిగితే చెబుతాడు. సెలక్షన్ పూర్తయ్యేదాకా ఒంటి మీద ఎక్కడా సూది పడకపోవడమే క్షేమం.

ఇక నేరమా అన్నారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 168వ సెక్షన్ దీనికి సంబంధించినదే (పాత ఐపీసీలో 140). సైనికుడు కానివాడు సైనికుడేనని నలుగురూ నమ్మాలనే ఉద్దేశంతో, సైనికుల దుస్తులను పోలినవి తొడుక్కున్నా, వాళ్ల గుర్తులను పోలినవి పెట్టుకున్నా 3 నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇందులో కీలకం ఉద్దేశం. ఎవరినీ ఏమీ నమ్మించకుండా చొక్కా కింద దాగి ఉన్న టాటూ ఒక్కటే దీని కిందికి రావడం కష్టం. నిజానికి మీ ఇంట్లో ఈ సెక్షన్‌కు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది బండి మీది స్టిక్కరు. చెక్‌పోస్టు దగ్గర ఎవరో ‘ఆర్మీయా?’ అని అడుగుతారు, వీడు మొహమాటానికో సరదాకో ‘అవునండీ’ అంటాడు. నమ్మించే ఉద్దేశానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఉద్యోగంలో చేరే ముందు పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. 2,000 జరిమానా పెద్ద లెక్క కాకపోవచ్చు, ఆ కాగితంలో పడే కేసు మాత్రం పెద్దదే. స్టిక్కరు ఇవాళే పీకేయమనండి.

ప్యాంట్ల విషయంలో ఇంత పట్టింపు అక్కర్లేదు, ఒక్క తేడా తెలిస్తే చాలు. 2016 జనవరిలో పఠాన్‌కోట్ ఎయిర్‌బేస్ మీద దాడికి వచ్చినవాళ్లు సైనిక దుస్తుల్లోనే వచ్చారు. ఆ వెంటనే, సైన్యం వాడే తరహా దుస్తులు వేసుకోవద్దని పౌరులను, అమ్మొద్దని దుకాణాలను ఆర్మీ కోరింది. 2022 ఆర్మీ డే నాడు బయటికి తెచ్చిన కొత్త కంబాట్ యూనిఫామ్ డిజైన్‌ను రిజిస్టరు కూడా చేయించింది. దాన్ని బయట మార్కెట్లో అమ్మకూడదు. కాబట్టి ఆ కొత్త డిజైన్‌కు నకలైతే మానేయాలి. బూడిద, నీలం రంగుల్లో దొరికే ఫ్యాషన్ ప్రింటుతో గొడవ లేదు. వాటి మీద ర్యాంకు గుర్తులు, రెజిమెంటు పేర్లు, పారా రెక్కలు (పారాచూట్‌తో దూకే శిక్షణ పొందినవాళ్ల గుర్తు) కుట్టి ఉంటే ఆ ముక్కలు విప్పేయండి. ర్యాలీ గ్రౌండుకు మాత్రం వాటిలో దేన్నీ వేసుకెళ్లకూడదు.

మీ తమ్ముడి కోపం సంగతికొస్తాను. చట్టంలో దొరకనిది ఇక్కడే ఉంది. బలిదాన్ బ్యాడ్జి సైన్యం మొత్తానికి గుర్తు కాదు, పారాచూట్ రెజిమెంటు మొత్తానికి కూడా కాదు. మెరూన్ టోపీ, పారా రెక్కలు సంపాదించి ఎయిర్‌బోర్న్ బెటాలియన్లో ఏళ్లపాటు పనిచేసిన జవానుకు సైతం అది ఉండదు. అది పారా స్పెషల్ ఫోర్సెస్ కమాండోలది. వాళ్ల ప్రొబేషన్, అంటే చేర్చుకునే ముందు పెట్టే పరీక్షా కాలం, నెలల తరబడి సాగుతుంది. నిద్ర లేకుండా, బరువులతో, గాయాలతో నడిచే ఆ పరీక్షకు స్వచ్ఛందంగా వెళ్లినవాళ్లలో ఎక్కువమంది మధ్యలోనే వెనక్కి వచ్చేస్తారు. నిలబడ్డ కొద్దిమంది ఛాతీకి ఎక్కేది ఆ రెక్కల బాకు. పేరులోనే ప్రాణం ఇస్తానన్న మాట ఉంది. మీ తమ్ముడు ఫిరంగుల దగ్గర సర్వీసు అంతా గడిపినా దాన్ని తాకలేదంటే అది చిన్నతనం కాదు. ఎవరిది ఏదో సైన్యంలో అందరికీ తెలుసు. యూనిఫామ్‌లో ఒక్కో రిబ్బనూ ఒక్కో ఆర్డరు కాగితం మీద వస్తుంది. కాగితం లేనిదే రిబ్బను లేదు. ఆ క్రమశిక్షణలో బతికిన మనిషికి మేనల్లుడి సరదా అబద్ధపు సర్టిఫికెట్‌లా కనిపించడంలో వింత లేదు.

‘మరి ధోనీ పెట్టుకోలేదా?’ అని మీవాడు అడిగే ఉంటాడు. 2019 ప్రపంచ కప్‌లో కీపింగ్ గ్లవ్స్ మీద కనిపించాకే ఈ గుర్తు ఇంటింటికీ తెలిసింది. ధోనీకి 2011లో టెరిటోరియల్ ఆర్మీలో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చారు. 2015లో ఆగ్రాలో శిక్షణ పొంది విమానం నుంచి దూకాడు కూడా. మీవాడికి అతనితో పోలిక కుదరదు. పైగా ఐసీసీ తన పరికరాల నిబంధనలు చూపించి ఆ గుర్తును గ్లవ్స్ మీది నుంచి తీయించింది.

మీవారి మాటలో కొంత న్యాయం ఉంది. సైన్యం మీద అభిమానం చూపించుకునే హక్కు ఎవరికైనా ఉంది. అయితే బొమ్మ ఎవరి గురించి చెబుతోందో చూడాలి. ‘జై హింద్’ అనే మాట, పేరు లేని సైనికుడి నీడబొమ్మ, అమరుల స్మారకం, ఇవి వేసుకున్నవాడి అభిమానాన్నే చెబుతాయి. ర్యాంకు పట్టీలు, పతకాలు, పారా రెక్కలు, బలిదాన్, కమాండో బాకు అలా కాదు. ‘నేను ఇది చేశాను’ అంటాయి. రెజిమెంటు చిహ్నం మాత్రం మధ్యలో ఉంటుంది. ఒట్టి చిహ్నమైతే ‘నేను ఆ రెజిమెంటువాణ్ని’ అని అర్థం. కింద మామయ్య పేరు, ఆయన సర్వీసు సంవత్సరాలు ఉంటే అది ఆయనకు నివాళి. అదైనా ఆయన సరేనంటేనే. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో స్మారక దినాల్లో కుటుంబసభ్యులు తాత పతకాలు పెట్టుకోవడంలో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. సంపాదించినవాడు ఎడమ ఛాతీకి పెట్టుకుంటే, వారసులు కుడి వైపు పెట్టుకుంటారు. చూడగానే ఎవరివో తెలిసిపోతుంది.

ఇద్దరినీ కలిపే పని మీరు నెత్తిన వేసుకుని రాయబారాలు నడపొద్దు. తమ్ముడికి మాత్రం విడిగా ఒక మాట చెప్పండి: ‘వాడు నిన్ను చూసే ఆర్మీ అంటున్నాడురా. తిట్టడం చాలించి ఆ బ్యాడ్జి ఎలా వస్తుందో చెప్పు.’ అబ్బాయితో అయితే దేశభక్తి, మర్యాద అని మొదలుపెట్టకండి, ఆ వయసులో అవి చెవికెక్కవు. నోటిఫికేషన్‌లోని పచ్చబొట్ల పేరా వాడి చేతే పైకి చదివించండి. చదివాక వాదించాల్సిన పని మీకుండదు. తర్వాత మామయ్య దగ్గరికి ఒక పని మీద పంపండి. డాక్యుమెంట్ల ఫైలు సరిచూడటమో, మెడికల్‌లో ఏం చూస్తారో తెలుసుకోవడమో ఏదైనా సరే. క్షమాపణ చెప్పించాలని పంపితే ఇద్దరూ బిగుసుకుపోతారు, పని మీద వెళ్తే మాటలు వాటంతటవే వస్తాయి. వెళ్లేటప్పుడు మీవారిని వెంట పంపకండి. బావ ముందు తమ్ముడు మళ్లీ గట్టిగా మాట్లాడే ప్రమాదం ఉంది.

మీకు చెప్పకుండా ఈపాటికే వేయించుకుని ఉంటే కంగారుపడి పిచ్చి ప్రయోగాలు చేయొద్దు. టాటూ పోగొడతామనే యాసిడ్ క్రీములు చర్మాన్ని కాల్చి మచ్చను మిగులుస్తాయి, అప్పుడు మెడికల్‌లో టాటూకు తోడు మచ్చకూ జవాబు చెప్పుకోవాలి. వేరే బొమ్మతో కప్పేస్తే అది ఇంకా పెద్దదవుతుంది తప్ప చోటు మారదు. చర్మ వైద్యుల దగ్గర లేజర్‌తో తీయించడమొక్కటే దారి. సిటింగుకూ సిటింగుకూ మధ్య సాధారణంగా 6 నుంచి 8 వారాలు ఆగాలి. చాలా సిటింగులు పడతాయి కాబట్టి ఏడాది దాటడం మామూలే. నల్ల సిరా త్వరగా పలచబడుతుంది, ఆకుపచ్చ, పసుపు మొండికేస్తాయి. గాయమైన చోట చర్మం ఉబ్బి గట్టిపడే స్వభావం మీ వంశంలో ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. అగ్నివీర్‌కు వయోపరిమితి ఉంది కాబట్టి సిటింగుల తేదీలనూ వాడి పుట్టినతేదీనీ పక్కపక్కన పెట్టుకుని, ఏ ఏడాది ర్యాలీకి చర్మం సిద్ధంగా ఉంటుందో ఆ డాక్టరుతోనే లెక్క వేయించుకోండి.