ఒకే రోజు వడగాలి, గాలివాన రెండూ చూపిస్తోంది... నువ్వులు కోయాలా, ఆగాలా?

ప్రశ్న: మాది విశాఖ జిల్లా పద్మనాభం మండలం. రెండెకరాల వేసవి నువ్వులు కోతకొచ్చాయి. పక్కనే బంగినపల్లి, సువర్ణరేఖ మామిడి, ఇంటి దగ్గర రెండు పాడిగేదెలు ఉన్నాయి. ఫోన్లో చూస్తే ఒకే రోజుకి వడగాడ్పులు అనీ, ఉరుములతో వాన అనీ చూపిస్తోంది. దేన్ని నమ్మాలి? మొన్న ఒక వాన పడింది కదా, మెరక పొలంలో వేరుశనగ విత్తేయమంటున్నారు, విత్తొచ్చా?

జవాబు: రెండూ నమ్మండి. మన వైపు రోహిణి కార్తె అంటేనే ఇలా ఉంటుంది. పొద్దెక్కేసరికి పడమటి గాలి పొడిగా, వేడిగా కొడుతుంది, ఆ గాలి గట్టిగా ఉన్న రోజు సముద్రం మీంచి వచ్చే చల్లగాలి ఒడ్డు దాటి లోపలికి రాలేదు, అందుకే భీమిలిలో ఒక తీరుగా ఉంటే పద్మనాభంలో ఇంకో తీరుగా ఉంటుంది. విశాఖ నగరం పేరు మీద వచ్చే ఉష్ణోగ్రత చూసి మీ పొలానికి లెక్క వేసుకోకండి, మీ మండలం పేరు మీద చూడండి.

మరి వాన ఎక్కడినుంచి వస్తుందంటారా, బంగాళాఖాతం మీంచి వచ్చే తేమగాలి అనంతగిరి, అరకు వైపు కొండలకు తగిలి పైకి లేస్తుంది, కింద నేల బాగా కాగి ఉంటుంది కాబట్టి మధ్యాహ్నానికల్లా మబ్బు నిలువుగా పెరిగిపోయి సాయంత్రానికి ఎస్.కోట మీదుగా మీ వైపు దిగుతుంది. అంటే పగలు బాగా కాగిన రోజే సాయంత్రం ఈదురుగాలికి అవకాశం ఎక్కువ. పడమటి కొండల మీద మబ్బు తల పళ్లెంలా పరుచుకుందంటే, ఉన్న గాలి ఒక్కసారిగా స్తంభించి ఆకు కదలడం లేదంటే, ఇక పొలంలో ఉండొద్దు. తర్వాత వచ్చేది దుమ్ముతో కలిసిన చల్లగాలి, దాని వెనకే పిడుగులు. పైగా ఇది ఊరూరికీ మారే వాన, మీ ఊళ్లో కాలవలు పారి పక్క ఊళ్లో దుమ్ము కూడా తడవకపోవచ్చు, అలాగని ఫోన్లో చూపించింది తప్పు అనుకోవద్దు.

ఇంకో మాట. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో వినగానే మనకు వాన వచ్చేసినట్టే అని చాలామంది సంబరపడతారు. అది ఒడిశా, బెంగాల్ వైపు వెళ్లిపోతే మనకు వాయవ్యం నుంచి పొడిగాలి లాగుతుంది, ఎండ ఇంకా పెరుగుతుంది. అది ఎటు వెళ్తోందో చూశాకే ఏదైనా నిర్ణయం తీసుకోండి.

ఇక నువ్వులు. ఆగొద్దు. ఆకులు చాలావరకు రాలి, కింది నుంచి ముప్పాతిక వంతు కాయలు పసుపు రంగుకు తిరిగాయంటే కోసేయడమే. పైకాయలు ఇంకా పచ్చగా ఉన్నాయి కదా, నాలుగు రోజులు చూద్దాం అనుకుంటే ఈలోపు కింది కాయలు పగులుతాయి, ఒక్క ఈదురుగాలికి గింజ మొత్తం నేల పాలవుతుంది. తెల్లవారుజామున మంచు తడి ఉండగా కోయండి, కాయ మెత్తగా ఉంటుంది కాబట్టి గింజ రాలదు. ఎక్కువమంది కూలీలను పెట్టుకుని అయినా సరే పది గంటలకల్లా ఆ రోజు పని ముగించేయండి. చిన్న చిన్న కట్టలు కట్టి, కల్లంలో టార్పాలిన్ పరిచి, తలలు పైకి ఉండేలా ఒకదానికొకటి ఆనించి నిలబెట్టండి. నువ్వుకాయ పైనుంచి విచ్చుకుంటుంది, కట్ట పడుకోబెడితే గింజ జారిపోతుంది. మూడు దాటాక మబ్బు కనిపిస్తే పైన కప్పండి, కానీ తెల్లారగానే కప్పు తీసేయాలి. చాలామంది ఇక్కడే నష్టపోతున్నారు, రాత్రి వానకు కప్పిన పట్టాను మర్నాడు ఎండలో కూడా అలాగే ఉంచేస్తారు, లోపల ఆవిరి పట్టి గింజ నల్లబడుతుంది, ఆ రంగు చూసి వ్యాపారి ధర తగ్గించేస్తాడు.

మామిడికి వస్తే, సువర్ణరేఖ ఇంకా చెట్టు మీద మిగిలుంటే రేపే దింపేయండి. బంగినపల్లిలో నాలుగైదు కాయలు కోసి బకెట్ నీళ్లలో వేసి చూడండి, మునిగితే పక్వానికి వచ్చినట్టే, తేలితే ఇంకొన్నాళ్లు ఉంచొచ్చు. ఒక అంగుళం తొడిమతో కోసి, సొన కారిపోయేలా బోర్లించి నీడలో పెట్టండి. గాలికి రాలిన కాయల్ని ఏ రోజుకారోజు ఏరి లోతుగా పాతిపెట్టాలి, చెట్టు కింద వదిలేస్తే వాన తడికి పండు ఈగ విపరీతంగా పెరిగి మంచి కాయల్ని కూడా పాడుచేస్తుంది.

గేదెల విషయంలో నాకు ఎక్కువ టెన్షన్ జొన్న మేత గురించే. ఎండకు వాడి, ఇప్పుడు ఒక వాన పడగానే మోళ్ల నుంచి కొత్త పిలకలు వస్తాయి చూడండి, వాటిలో నాము విషం, అంటే సైనైడ్, ఎక్కువగా ఉంటుంది. మేసిన కాసేపటికే పశువు పడిపోవచ్చు, డాక్టర్‌ని పిలిచేంత టైం కూడా ఉండదు. ఆ చేలోకి అసలు తోలకండి, పూత దశకు వచ్చాకే కోసి వేయండి. గేదెకు నల్లటి చర్మం, చెమట పట్టడం తక్కువ, కాబట్టి మధ్యాహ్నం తాటాకు పాక నీడలో ఉంచి రెండు మూడుసార్లు ఒంటి మీద నీళ్లు పోయండి, తాగే నీళ్ల తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండాలి. సాయంత్రం ఉరుములప్పుడు తాటిచెట్టుకు మాత్రం కట్టొద్దు. మెరుపు చూసి ముప్పై లెక్కపెట్టేలోపు ఉరుము వినపడితే పిడుగు పది కిలోమీటర్ల లోపే పడినట్టు, మీరూ లోపలికి వెళ్లండి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించకపోతే తొలకరి రాకముందే వేయించేయండి.

వేరుశనగ ఇప్పుడే వద్దు. నైరుతి కేరళను తాకేది మామూలుగా జూన్ 1కి, మన దాకా రావడానికి ఇంకో వారం పైనే పడుతుంది. ఈ మధ్యలో ఎండ కాస్తే మొలక మాడిపోతుంది, విత్తనం ఖర్చు చూస్తే మళ్లీ కొనడం చిన్న మాట కాదు. మొన్నటి తడిని వాలుకు అడ్డంగా దుక్కి దున్నడానికి వాడుకోండి, వరి వేసే పల్లంలో పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ చల్లుకోవచ్చు. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన అంటే నాలుగు వేల లీటర్ల నీళ్లు, వాలుకు అడ్డంగా దున్నితే అందులో చాలావరకు చేలోనే ఇంకుతుంది. కనీసం 50-60 మిల్లీమీటర్లు పడ్డాకే విత్తనం బయటికి తీయండి.

ఫోన్లో మేఘదూత్ యాప్ పెట్టుకోండి, మంగళ, శుక్రవారాల్లో జిల్లా వ్యవసాయ సలహాలు అందులో వస్తాయి. పిడుగులకు దామిని యాప్ ఉంది. ఈసారి వాన పడిన మర్నాడు మెరకలో పారతో తవ్వి తడి ఎంత లోతు దిగిందో చూసి రాయండి, వేరుశనగ సంగతి అప్పుడు చెప్తాను.