పసిపిల్లల కేసులు చూసి చూసి నిద్ర కరవైంది, ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఐదేళ్లుగా కాంట్రాక్టు పద్ధతిలో సోషల్ వర్కర్‌గా పనిచేస్తున్నాను. కొన్ని నెలల క్రితం ఒక పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులో చిన్నపాప వాంగ్మూలం ఇస్తుండగా పక్కన కూర్చున్నాను. అప్పటి నుంచి సరిగా నిద్ర లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నుంచి కేసు వచ్చిందంటే చాలు, గుండె దడ మొదలవుతోంది. మా ఏడేళ్ల అమ్మాయిని సొంత బాబాయి ఇంటికి కూడా పంపలేకపోతున్నాను. దాని మీద ఇంట్లో రోజూ గొడవే. మావారు ఉద్యోగం మానేయమంటున్నారు. నేను ఈ పనికి తగనా?

జవాబు: తగరని అనుకోవడానికి మీ ఉత్తరంలో నాకు ఏ ఆధారమూ కనిపించలేదు. పిల్లల మీద జరిగిన దారుణాలను ఏళ్ల తరబడి వింటూ, వాటిని నివేదికలుగా రాసి, బాలల సంక్షేమ కమిటీ ముందు మళ్లీ వివరించవలసి వచ్చే మనిషి మనసు, ఆ దారుణం తన కళ్లెదుటే జరిగినట్లుగా స్పందించడం మనోవైద్యులకు బాగా తెలిసిన విషయమే. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో సవరించిన రోగనిర్ధారణ గ్రంథం, వృత్తిరీత్యా ఇటువంటి వివరాలను పదేపదే వినేవారికి కూడా పీటీఎస్‌డీ (భయానక అనుభవాల తరువాత మనసును వదలని ఒత్తిడి జబ్బు) రావచ్చని గుర్తించింది. పిల్లలపై అఘాయిత్యాల వివరాలను తరచూ వినవలసి వచ్చే పోలీసులనే అది ఉదాహరణగా చూపింది. మీకు ఉన్నది అదేనని ఉత్తరం చూసి చెప్పలేను. అయితే నెలల తరబడి నిద్ర లేకపోవడం, ఫోన్ మోగగానే దడ రావడం వైద్యుడికి చూపించవలసిన లక్షణాలే.

ముందుగా ఫిజీషియన్ దగ్గర బీపీ, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. దడకు కారణం అక్కడే ఉంటే తెలిసిపోతుంది. ఆ తరువాత మనోవైద్యుణ్ణి గాని క్లినికల్ సైకాలజిస్టును గాని కలవండి. ఈ బాధకు మాటల ద్వారా చేసే చికిత్స బాగా పనిచేస్తుంది. మందులు అవసరమైతే వారే రాస్తారు. దుకాణంలో అడిగి నిద్రమాత్రలు మాత్రం వేసుకోకండి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

మీ అమ్మాయి విషయం కొంచెం వివరంగా చెప్పాలి. ఆ బాబాయి ప్రవర్తనలో గాని, అక్కడి నుంచి వచ్చాక పాప తీరులో గాని మీకు తేడా కనిపించి ఉంటే మీ జాగ్రత్త న్యాయమైనదే, ఎవరేమన్నా దాన్ని వదలకండి. అటువంటిదేమీ లేకుండా, ఫైలులో చదివిన మనిషి ముఖం ప్రతి బంధువులోనూ కనిపిస్తుంటే, ఆ భయం మీ పనిలోంచి వచ్చినది. అప్పుడు పాపతో పాటు మీరూ వెళ్లి ఒక పూట ఉండి రండి. మరోసారి నానమ్మను తోడిచ్చి పంపండి. ఇబ్బంది కలిగితే అమ్మకు చెప్పాలని పాపకు నేర్పడం ఎలాగూ మీకు తెలిసినదే.

మీవారితో గొడవకు చాలావరకు కారణం మీ మౌనమేనని నాకు తోస్తోంది. పిల్లల వివరాలు బయటపెట్టకూడదన్న నియమాన్ని పాటిస్తూ మీరు అసలు ఏమీ చెప్పడం లేదు. ఆయనకు మీ చిరాకు మాత్రమే కనిపిస్తోంది. పాప పేరు, ఊరు, జరిగిన సంగతి ఏదీ చెప్పనక్కరలేదు. "ఈరోజు విన్నది నా ఒంట్లోంచి పోవడం లేదు, కాసేపు పక్కన కూర్చోండి" అనడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. డాక్టరు దగ్గరికి ఆయననే తోడు తీసుకెళ్లండి.

ఇక ఆఫీసు సంగతి. ఇటువంటి పని చేయించుకునే ఏ కార్యాలయమైనా సిబ్బంది మనసు బాగోగులు చూడవలసిందే. అది మీరు బతిమాలి పొందవలసిన ఉపకారం కాదు. కొన్నాళ్లు పోక్సో విచారణలకు బదులు స్పాన్సర్‌షిప్ (పిల్లల పోషణకు ఇచ్చే ఆర్థిక సాయం), దత్తత ఫైళ్లు ఇవ్వమని, కష్టమైన కేసులకు ఇద్దరిని కలిపి పంపమని, వారానికోసారి కేసుల గురించి సిబ్బంది కూర్చుని మాట్లాడుకునే వీలు కల్పించమని మీ జిల్లా బాలల పరిరక్షణ అధికారికి రాతపూర్వకంగా అడగండి. కాంట్రాక్టు పొడిగింపు గురించి మీకున్న భయం నాకు అర్థమవుతుంది. అందుకే ఒంటరిగా కాక, ఇదే బాధ పడుతున్న సహోద్యోగులతో కలిసి అడిగితే మంచిది. డాక్టరు ఇచ్చిన కాగితం ఉంటే సెలవు అడగడం కూడా సులువవుతుంది.

రాజీనామా నిర్ణయం మాత్రం ఇప్పుడు వద్దు. చికిత్స మొదలై, రాత్రిళ్లు నిద్ర పడుతున్నాక మీరిద్దరూ కూర్చుని ఆలోచించండి. అప్పటికీ మానేయాలనే అనిపిస్తే నిస్సంకోచంగా మానేయండి. ఐదేళ్లుగా మీరు ఆ పిల్లలకు చేసినది దానివల్ల తగ్గిపోదు.