హైదరాబాద్ అంతా రాయే కదా, ఇంటికి సాయిల్ టెస్ట్ ఎందుకు?

చెరువు పక్కన 200 గజాల్లో జీ ప్లస్ టూకి (గ్రౌండ్ ఫ్లోర్, పైన ఇంకో రెండు) సాయిల్ టెస్ట్ దండగ అని మీ మేస్త్రి అన్నాడని అడిగారు కదా, మా మేస్త్రి కూడా అచ్చం ఇదే అన్నాడు, బహుశా అందరికీ ఒకడే గురువు.

మా ప్లాట్ బోడుప్పల్ వైపు, ఒక పాత కుంట పక్కన. మా బావ పోరు పడలేక టెస్ట్ కోసం రెండు మూలల్లో బోర్లు వేయించా. మెరకగా ఉన్న పై మూల 6 అడుగులకే ఠంగుమని రాయి. మేస్త్రి మొహం వెలిగిపోయింది, "చెప్పిన గద సార్, షీట్ రాక్, కిందంతా ఒకటే బండ, పది అంతస్తులైనా లేపొచ్చు". బోరు కుర్రాళ్లు సామాను సర్దేస్తున్నారు. ఇంజనీర్ మేడమ్‌కి ఫోన్ చేస్తే ఆపొద్దు, ఇంకో 3 మీటర్లు దించమనండి అన్నారు. సణుక్కుంటూనే దించారు, 4 అడుగుల రాయి దాటగానే రాడ్ సర్రున దిగిపోయింది, కింద మళ్ళీ మొరం! షీట్ రాక్ కాదు, గుండు. జూబ్లీహిల్స్ గుట్టల మీద గుండ్లు చూస్తాం కదా, అలాంటివే భూమిలోనూ ఉంటాయి, చుట్టూ గ్రానైట్ కుళ్లి మొరం అయిపోతుంది, మధ్యలో గట్టి ముద్ద మిగులుతుంది. గుట్ట మీద ఆ మట్టిని వాన కడిగేసింది, లోపల కడగలేదు, అంతే తేడా.

పల్లంలో ఉన్న కింద మూల ఇంకా ఘోరం. మట్టి ఎంత గట్టిదో తెలియడానికి 63.5 కేజీల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదుల్తూ, పైపు 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలో లెక్కపెడతారు. నేనే నిలబడి లెక్కపెట్టా. నాలుగంటే నాలుగు, అంత మెత్తన. 9 అడుగుల దాకా నల్లరేగడి, మధ్యలో ఎవరో పారబోసిన ఇటుక ముక్కలు. వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోయే మట్టి. ఇల్లంతా సమానంగా కాస్త కుంగితే తట్టుకుంటుంది గానీ ఒక్క మూలే దిగితే గోడలు ఏటవాలుగా చీల్తాయి.

ఆ వైపు ఫుటింగులు (పిల్లర్ల కింద పునాది దిమ్మెలు) 11 అడుగులు, గట్టి మొరం దాకా దించాం, గుండుని బ్రేకర్‌తో పగలగొట్టించాం. టెస్ట్‌కి 18 వేలు, మిగతా పనికి లక్షన్నర అదనం. ఆ లక్షన్నరకి ఇంట్లో వారం రోజులు గొడవ, అదే హాల్లో మార్బుల్‌కి 3 లక్షలంటే ఎవరూ నోరెత్తలా. ఈశాన్యం ఎంత పెరగాలో టేపు పెట్టి కొలుస్తారు, దాని కింద ఏముందో మాత్రం ఎవరికీ పట్టదు.

ఇంకోటి, చవగ్గా రిపోర్ట్ ఇస్తామనేవాళ్లు తగుల్తారు, మిషనే రాదు, పక్క వెంచర్ రిపోర్ట్‌లో పేరు మార్చి పంపిస్తారు. బోరు వేసేరోజు లీవ్ పెట్టి అక్కడే కూర్చోండి. పక్కన చెరువుందన్నారు కాబట్టి అంతకన్నా ముందు ప్లాట్ ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లొచ్చే హద్దులో, ఉందేమో చూసుకోండి, అది వేరే నరకం.